రన్: కాళ్లూ నీళ్లూ



1755లో లండన్‌లో శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీషు నిఘంటువు రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. దాని పీఠికలో ఆయన తన కష్టం చెప్పుకున్నాడు. నిఘంటుకర్తను ఏ మాటలు ఏడిపిస్తాయని అడిగితే, లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చిన బారెడు శాస్త్రపదాలని మనం అనుకుంటాం. జాన్సన్ మొర వాటి గురించి కాదు. పసిపిల్లలు కూడా పలికే పొట్టి క్రియల గురించి: కమ్, గెట్, గివ్, పుట్, సెట్, గో, మేక్, టేక్. వాటి అర్థాలు ఎంతో వదులుగా ఉన్నాయనీ, మొదటి భావం నుంచి చాలా దూరం జరిగిపోయాయనీ, అవి వచ్చిన దారి పట్టుకోవడమే తనకు కష్టమైందనీ రాశాడు. ఆ జాబితాలో రన్ కూడా ఉంది. బడిలో తొలి పాఠాల్లోనే మనకు ఎదురయ్యే మాట అది. పరుగెత్తు అని అర్థం చెప్పి ఉపాధ్యాయులు ముందుకు సాగిపోతారు. ఆ తర్వాత ముక్కు రన్ అవుతుంది, రోడ్డు రన్ అవుతుంది, దుకాణం రన్ అవుతుంది, సినిమా రన్ అవుతుంది, జ్వరం రన్ అవుతుంది. పరుగెత్తు అని నేర్చుకున్న పిల్లవాడికి ఇందులో ఒక్కటీ పరుగెత్తినట్టు కనిపించదు.

జాన్సన్ తర్వాత రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ మొర తగ్గలేదు, పెరిగింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీకి 1857లో బీజం పడింది. 1884లో మొదటి భాగం అచ్చయింది, 1928కి మొదటి కూర్పు పూర్తయింది. పుస్తకాల నుంచి వాక్యాలు ఏరి చిన్న చీటీల మీద రాసి పంపిన వేలాది స్వచ్ఛంద పాఠకుల శ్రమ దాని వెనక ఉంది. 1989లో వచ్చిన 20 సంపుటాల రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద పద్దు సెట్ అనే క్రియది. 430 అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ. ఒక చిన్న పుస్తకం అచ్చేయవచ్చు. తర్వాత మూడో కూర్పు కోసం సవరణ సాగుతున్నప్పుడు రన్ వంతు వచ్చింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. చివరికి తేలిన అర్థాలు 645. 2011లో ఈ లెక్క పత్రికలకెక్కింది. ఇంగ్లీషులో అత్యధిక అర్థాలున్న మాట ఇదేనని పేరు పడింది. సెట్‌ను రన్ ఓడించిందని కూడా రాశారు. ఆ పోటీ కబురును అంతగా పట్టించుకోనక్కర్లేదు. 430 పాత కూర్పు లెక్క, 645 కొత్త పద్ధతిలో తీసిన లెక్క. రెండూ ఒకే తూకపురాళ్లతో తూచినవి కావు. కానీ ఒక మనిషి తొమ్మిది నెలలు కూర్చోవలసి వచ్చిందన్నది మాత్రం ఆలోచించవలసిన సంగతి.

ఆ 645 అర్థాలూ ఎవరో ఒకచోట పారబోసిన రాశి కాదని నా వాదన. వాటికి పుట్టుక ఉంది, వరుస ఉంది, ఆ వరుస చాలావరకు చూపించగలిగినదే. చిక్కు ఎక్కడుందంటే, మనం రన్‌ను వేగానికి పేరుగా నేర్చుకున్నాం. చరిత్ర చూస్తే అది వేగానికి పేరు కాదు, తెగకుండా ఒక దారి వెంట సాగడానికి పేరు. కాళ్లతో సాగితే పరుగు, నీళ్లు సాగితే పారకం, పని సాగితే నిర్వహణ. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే సగం అర్థాలు వాటంతటవే ఒక వరుసలో నిలబడతాయి.

ఇక పుట్టుక. నేటి రన్ నిజానికి ఒక మాట కాదు, కలిసిపోయిన రెండు మాటలు. పాత ఇంగ్లీషులో రిన్నన్ అనే క్రియ ఉండేది. రాతల్లో అది ఎక్కువగా అక్షరాలు తారుమారై ఇర్నన్‌గా కనిపిస్తుంది. వర్ణవ్యత్యయం అని మన వ్యాకరణవేత్తలు అనేది ఇదే. తమిళంలో ఇరండు అయిన సంఖ్య మన నోట రెండు అయినట్టు, అక్కడ రిన్నన్ తిరగబడి ఇర్నన్ అయింది. ఆ మాటకు అర్థం తానుగా పరుగెత్తడం, తానుగా పారడం. దాని పక్కనే ఎర్నన్ అని మరో క్రియ ఉండేది. దాని అర్థం ఇంకొకదాన్ని పరుగెత్తించడం, ముఖ్యంగా గుర్రాన్ని దౌడు తీయించడం. మన భాషలో నడుచు, నడుపు ఎలా జంటో ఇవి అలా జంట. తర్వాత ఉత్తర సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్లు తమ రిన్నా, రెన్నా అనే అదే కుదురు మాటలను తెచ్చారు. ఆ మాటల బలంతో తారుమారైన రకారం మళ్లీ మొదటికి చేరింది. మధ్యయుగపు ఇంగ్లీషులో ఈ రెండు క్రియల రూపాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఉకారంతో నేడు మనం పలికే రన్ రూపం వర్తమానకాలంలో కనిపించేది 16వ శతాబ్దం నుంచే. పరుగెత్తడానికీ పరుగెత్తించడానికీ మధ్య ఉన్న గోడ ఇలా కూలింది. ఆ కూలడమే రన్ సంపదకు మొదటి కారణం.

జర్మన్ భాష ఈ రెండు మాటలను కలిసిపోనివ్వలేదు. అక్కడ ఈనాటికీ రిన్నెన్ అంటే నీరు కారడం, పారడం. రెన్నెన్ అంటే పరుగెత్తడం. ఒకే కుదురు నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి నీళ్ల వైపు, ఒకటి కాళ్ల వైపు వెళ్లాయి. ఇంగ్లీషులో రెండూ ఒకే మాటలో ఇమిడాయి. అందువల్ల ముక్కు కారడాన్ని రన్ అనడం కవి చేసిన పోలిక కాదు. పరుగెత్తే మనిషిని చూసి ఎవరో ముక్కుకు అంటగట్టిన అలంకారమూ కాదు. పారడం అన్న అర్థం ఆ మాటకు పాత ఇంగ్లీషు నాటికే ఉంది. గుడ్డ రంగు దిగినా, కొవ్వొత్తి మైనం కారినా, వెన్న కరిగినా, కొళాయి నీళ్లు వదిలినా అదే పాత అర్థం పని చేస్తోంది. దీనికి ఒక సాక్ష్యం వంటింటి సరుకులో దాగి ఉంది. చీజ్ చేయడానికి పాలు గట్టిపరిచే పదార్థాన్ని రెన్నెట్ అంటారు. పాలు ఒకచోటికి పారి గడ్డకట్టడాన్ని ఆ పాత క్రియతోనే చెప్పేవారు. రెన్నెట్ అందులోంచి పుట్టింది. అంటే పారేదీ అదే మాట, పారుతూ వచ్చి గడ్డకట్టేదీ అదే మాట.

ఇది తెలుగువాళ్లకు వింతగా ఉండనక్కర్లేదు, ఎందుకంటే సరిగ్గా ఈ జంట అర్థాల మాట మనకూ ఉంది. అది పారు. కాలవలో నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు. పాత తెలుగులో పారు అంటే పరుగెత్తడం కూడా. పరుగెత్తడమన్న అర్థంలో ఇవాళ అది ఒంటరిగా నిలవలేక పారిపోవులో తలదాచుకుంది. నీళ్ల విషయంలో మాత్రం దర్జాగా బతుకుతోంది. తమిళంలో ఓడు అనే క్రియ ఇంకా ముందుకెళ్లింది. మనిషి ఓడతాడు, ఏరు ఓడుతుంది, బస్సు ఓడుతుంది, సినిమా కూడా ఓడుతుంది. సినిమా ఓడిందంటే తెలుగువాడికి నిర్మాత మునిగాడని అర్థం, తమిళుడికి బాగా ఆడిందని అర్థం. ఇంగ్లీషుకూ తమిళానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా కాళ్లూ నీళ్లూ ఒకే క్రియలో కలిశాయి. ఇలాంటి కలయిక వేరు వేరు భాషల్లో వేరు వేరుగా జరుగుతోందంటే, దాన్ని ఇంగ్లీషు విడ్డూరం అని కొట్టేయలేం.

సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు కూడా దీన్నే చెబుతాయి. ప్రవహించు, నిర్వహించు అనే రెండు మాటలను మనం రోజూ వాడుతూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడం. రెండిటిలోనూ ఉన్నది వహ్ అనే ధాతువే. మోయడం, కొనిపోవడం దాని అర్థం. వాహనం కూడా అందులోంచే వచ్చింది. నది చేసే పనికీ కార్యదర్శి చేసే పనికీ సంస్కృతం ఒకే ధాతువు వాడితే, ఇంగ్లీషు ఒకే క్రియ వాడింది. నది రన్ అవుతుంది, సంఘాన్ని కార్యదర్శి రన్ చేస్తాడు. తెగకుండా ముందుకు కొనిపోవడం అన్న భావం రెండు చోట్లా ఉన్నదే.

రెండో సగం, అంటే పరుగెత్తించే సగం, ఇంగ్లీషులో ఎంత విస్తరించిందో చూడండి. మొదట గుర్రాన్ని పరుగెత్తించారు. ఓడను గాలివాలుకు నడిపారు, కాపలా దాటించి సరుకు చేరవేశారు. తర్వాత యంత్రాన్ని ఆడించారు. 19వ శతాబ్దపు అమెరికా ఇంగ్లీషులో వ్యాపారాన్ని నడపడానికీ, హోటల్ నడపడానికీ ఈ మాట స్థిరపడింది. 20వ శతాబ్దంలో కంప్యూటర్ ప్రోగ్రాం నడిపించారు, పరీక్షలు జరిపించారు, పత్రికలో వార్తను నడిపారు. వీటిలో ఎక్కడా హడావుడి లేదు. పాతికేళ్లుగా ఒకే మూల కూర్చుని కిరాణా కొట్టు నడిపే మనిషి కూడా దాన్ని రన్ చేస్తున్నవాడే. ఒప్పందం మూడేళ్లు రన్ అవుతుందంటే అది ఎక్కడికీ వెళ్లదు, తెగకుండా అమల్లో ఉంటుంది, అంతే. ఒక జబ్బు ఒక కుటుంబంలో రన్ అవుతుందంటే తరం నుంచి తరానికి ఎడతెగక వస్తోందని అర్థం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నిఘంటువు చరిత్రల గురించి చక్కని పుస్తకాలు రాసిన సైమన్ వించెస్టర్ 2011లో ఈ 645 సంగతి రాస్తూ, రన్ పెరుగుదల మన ఉరుకుల పరుగుల యుగానికి గుర్తు అన్నాడు. సెట్ నింపాదిగా కూర్చున్న పాతకాలపు మాట అనీ, రన్ యంత్రయుగపు మాట అనీ ఆయన భావం. వినడానికి బాగుంటుంది, అందులో సగం నిజం కూడా ఉంది. యంత్రాలు, రైళ్లు, కంప్యూటర్లు వచ్చాక రన్‌కు డజన్ల కొద్దీ కొత్త అర్థాలు చేరాయి, సందేహం లేదు. కానీ ఆ అర్థాలు చేరడానికి కారణం తొందర అన్నది నిలబడదు. అదే యంత్రం ఫ్రాన్స్‌లోనూ ఉంది. ఫ్రెంచివాళ్లు యంత్రం నడుస్తోంది అనడానికి మార్షే అనే క్రియ వాడతారు, దానికి అర్థం నడవడం. హిందీలో యంత్రానికి చల్‌నా అనే క్రియ వాడతారు, అదీ నడకే. తెలుగులో బండి నడుస్తుంది, మోటారు ఆడుతుంది. మరలో పిండి ఆడించుకొస్తాం. యుగం అందరికీ ఒకటే, హడావుడి అందరికీ ఒకటే. ఒకరు యంత్రాన్ని పరుగెత్తించారు, ఇద్దరు నడిపించారు, మనం ఆడించాం కూడా. ఈ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది వేగం కాదు, ఆగకుండా సాగడం. ఇంగ్లీషు రన్‌ను ఎంచుకున్నదంటే ఆ మాటలో ఆగకుండా సాగడమనే అర్థం ముందే సిద్ధంగా ఉండబట్టి. రోడ్డు, కంచె, కొండల వరుస వంటి కదలనివాటికి కూడా రన్ వాడతారన్నది గమనిస్తే ఇది మరింత తేటపడుతుంది. లెనార్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త దీన్ని కల్పిత చలనం అన్నాడు. రోడ్డు కదలదు, దాని వెంట మన చూపు కదులుతుంది. ఈ దారి ఎటు పోతుందని మనం అడిగేటప్పుడు జరిగేదీ అదే. కంచెకు తొందర ఏముంటుంది?

రెండో అభ్యంతరం లెక్కకు సంబంధించినది. 645 అర్థాలు అన్నది భాషలో ఉన్న నిజమా, నిఘంటుకర్త పనితనమా? బస్సు రన్ కావడం, రైలు రన్ కావడం రెండు అర్థాలా, ఒకటా? కొందరు నిఘంటుకర్తలు చీల్చే స్వభావం గలవారు, కొందరు కలిపే స్వభావం గలవారు. చీల్చేవారి చేతిలో పడితే ఏ మాటకైనా అర్థాలు పెరుగుతాయి. ఈ అభ్యంతరం న్యాయమైనదే. 645 అన్న అంకెకు ఆవు కాళ్లు నాలుగు అన్నంత నిక్కచ్చితనం లేదు. ఆక్స్‌ఫర్డ్‌వారు ఎంత సూక్ష్మంగా చూశారో చెప్పే అంకె అది. అయినా విభజన అంతా వారి ఊహే అనడానికి వీల్లేదు, ఎందుకంటే భాష తానే ఇచ్చే పరీక్ష ఒకటుంది. రెండు వాడుకలను ఒకే క్రియ కింద కలిపి చెప్పి చూడాలి. మన కొట్టునే తీసుకోండి. చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, టైరుకు గాలి కొడతాం, గోడకు సున్నం కొడతాం, కొబ్బరికాయ కొడతాం, సిక్సర్ కొడతారు, ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, జేబు కొడతారు, చివరికి బోరు కూడా కొడుతుంది. ఇప్పుడు అతను చెరువులో ఈతా టైరుకు గాలీ కొట్టాడు అని చూడండి. వినేవాడికి నవ్వు వస్తుంది. ఆ నవ్వే అర్థం చీలిందనడానికి సాక్ష్యం. గోడకూ గేటుకూ రంగు కొట్టాడంటే ఎవరికీ నవ్వు రాదు, అక్కడ అర్థం ఒకటే కాబట్టి. ఇంగ్లీషులోనూ ఒక మనిషి ఒక మైలూ ఒక దుకాణమూ రన్ చేశాడంటే వాక్యం విరుగుతుంది. చీలిక ఉంది. ఎన్ని చీలికలన్న దాని మీదే వాదన ఉంటుంది.

చిన్న మాటలకే ఇన్ని అర్థాలెందుకన్న ప్రశ్నకు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1940లలో లెక్కకట్టి జవాబు చెప్పాడు. మాట ఎంత తరచుగా వాడుకలో ఉంటే దానికి అంత ఎక్కువ అర్థాలుంటాయి. స్థూలంగా ఆ పెరుగుదల వాడుక సంఖ్యకు వర్గమూలంగా ఉంటుంది. అంటే వంద రెట్లు ఎక్కువ వాడే మాటకు పది రెట్లు అర్థాలు. ఇంగ్లీషులో దీనికి చరిత్ర కూడా తోడయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కోర్టు, పాలన, చదువుల భాషగా ఫ్రెంచి, లాటిన్ నిలిచాయి. ఆపరేట్, మేనేజ్, కండక్ట్, ఎగ్జిక్యూట్ వంటి బరువైన మాటలు తర్వాతి శతాబ్దాల్లో లాటిన్ కుటుంబం నుంచే ఇంగ్లీషులోకి చేరాయి. పొలంలో, రేవులో, వంటింట్లో పని మాత్రం ఇంటి మాటలే చేసుకొచ్చాయి. కాగితం మీద మేనేజ్, నోటి మీద రన్. మనకూ ఇది తెలిసిన వ్యవహారమే. ఆహ్వానపత్రికలో సభ నిర్వహిస్తారు, ఊళ్లో సభ నడుపుతారు.

మూడో అభ్యంతరం నా వాదనకు నేరుగా తగిలేది. స్టెఫాన్ గ్రీస్ అనే భాషాశాస్త్రవేత్త 2006లో నిజమైన ఇంగ్లీషు వాడుకల నుంచి వందల వాక్యాలు తీసి రన్ అర్థాలను వర్గీకరించాడు. అన్నిటికీ కేంద్రం కాళ్లతో వేగంగా వెళ్లడమేనని ఆయన తేల్చాడు. ఆ అర్థమే అన్నిటికన్నా తరచుగా కనిపించేది, మిగతావాటిని దానితోనే ముడిపెట్టవచ్చు. అలాంటప్పుడు తెగకుండా సాగడమే మూలమన్న నా మాట ఏమవుతుంది? ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయని నేననుకుంటాను. ఈనాడు ఒక ఇంగ్లీషు పిల్లవాడి మనసులో రన్ అనగానే ఏం మెదులుతుందన్నది ఒక ప్రశ్న. దానికి గ్రీస్ జవాబే సరైనది. పిల్లలు మొదట నేర్చేది కాళ్ల పరుగే. ఈ అర్థాలు ఎలా పుట్టి ఎలా విస్తరించాయన్నది రెండో ప్రశ్న. దానికి వాడుక లెక్క చాలదు, చరిత్ర కావాలి. చరిత్రలో పారకం కాళ్ల కింద పుట్టిన పిల్ల కాదు, దాని తోబుట్టువు. నేను ఒప్పుకోవలసింది కూడా ఉంది. పోటీకి సంబంధించిన అర్థాలన్నీ కాళ్ల పరుగు సంతానమే, వాటిలో పారకం వెతకడం వృథా. అమెరికాలో ఎన్నికల్లో అభ్యర్థి రన్ అవుతాడు. ఉపాధ్యక్ష అభ్యర్థిని రన్నింగ్ మేట్ అంటారు, అది గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. బ్రిటన్‌లో మాత్రం అభ్యర్థి స్టాండ్ అవుతాడు, మన ఎమ్మెల్యే అభ్యర్థి నిలబడినట్టు. ఒకే ఎన్నిక, ఒక దేశంలో పరుగు, ఇంకో దేశంలో నిలబడటం. పుట్టుకను బట్టి నేటి అర్థాన్ని శాసించకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కష్టం. పుట్టుక దారి చూపిస్తుంది, గమ్యం చెప్పదు.

అవుట్, డౌన్ వంటి చిన్న మాటలతో కలిసిన రన్ గురించి కూడా ఒక మాట. రన్ అవుట్, రన్ డౌన్, రన్ ఓవర్, రన్ ఇంటూ వంటివి పరాయివాళ్లకు చాలా కష్టమని జాన్సనే గుర్తించాడు. క్రియ పక్కన చిన్న మాట చేరితే అర్థం ఎటు తిరుగుతుందో చెప్పలేమని ఆయన బాధ. అర్థం ఆ చిన్న మాటదే కానీ రన్‌ది కాదని కొందరంటారు. కానీ కొన్నిటిని విప్పి చూస్తే అక్కడ కూడా పారకమే పని చేస్తోంది. సరుకు నిండుకుంటే, గడువు అయిపోతే రన్ అవుట్ అంటారు. ఇసుక గడియారంలో పై బుడ్డిలోని ఇసుక మొత్తం కిందికి జారిపోవడం కళ్లముందు పెట్టుకుంటే ఆ మాట తానే అర్థమవుతుంది. బరువులతో ఆడే గోడ గడియారంలో బరువు అడుగుకు చేరి గడియారం ఆగిపోవడం రన్ డౌన్. తర్వాత బ్యాటరీకీ, అలసి చిక్కిపోయిన మనిషికీ అదే అన్నారు. గిన్నె అంచు దాటి పాలు పొంగితే రన్ ఓవర్. మనిషి మీదుగా లారీ వెళ్లినా ఇప్పుడదే. మొదటిది ద్రవం, రెండోది చక్రం.

ఇక తెలుగులోకి ఈ మాట ఎలా వచ్చిందో చూద్దాం. క్రికెట్‌లో రన్‌ను మనం అనువదించాం, పరుగు అన్నాం. ఇంగ్లండులో ఆట తొలి రోజుల్లో స్కోరరు కర్ర మీద గాట్లు పెట్టి లెక్క కట్టేవాడు, ఆ గాట్లనే నాచెస్ అనేవారు. తర్వాత రన్ అన్న పేరు నిలిచింది. పేరును బట్టి చూస్తే, రెండు వికెట్ల మధ్య నిజంగా పరుగెత్తితేనే అది రన్. కానీ బంతి బౌండరీ దాటితే బ్యాటర్ కాలు కదపకపోయినా నాలుగు రన్లు. ఆ క్షణంలో రన్ కాళ్లను వదిలేసి ఉత్త లెక్క అయింది. మనం పరుగు అని అనువదించినప్పుడు ఆ వదులుకోవడాన్ని కూడా తెచ్చుకున్నాం. వైడ్‌కు ఒక పరుగు, నోబాల్‌కు ఒక పరుగు అని రేడియో వ్యాఖ్యాత చెబుతుంటే, ఎవరూ పరుగెత్తలేదే అని ఏ శ్రోతా అడగడు. పారు నుంచి ఒకప్పుడు జారిపోయిన పరుగు అర్థానికి బదులుగా, పరుగు అనే మాటకు ఇలా కొత్త అర్థం ఒకటి దొరికింది.

క్రికెట్ బయట మనం అనువదించలేదు, మాటనే తెచ్చుకున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ప్రోగ్రాం రన్ అవుతోంది అంటాడు, కోడ్ రన్ చేశాను అంటాడు. బజారులో ఆ హోటల్ బాగా రన్ అవుతోంది, వాళ్ల బావమరిది రన్ చేస్తున్నాడు. సినిమావాళ్లు ఫుల్ రన్, లాంగ్ రన్ అంటారు, అలాగని వంద రోజులు ఆడిందనే మాటా పోలేదు. కండక్టరు రన్నింగ్ బస్సు దిగొద్దని కేకేస్తాడు. ఇందులో ఏం తెచ్చుకున్నామో, ఏం వదిలేశామో చూడాలి. కుక్క వెంటబడితే రన్ అయ్యాను అని తెలుగువాడు అనడు, పరుగెత్తాను అంటాడు. ముక్కు రన్ అవుతోందనీ అనడు, కారుతోందంటాడు. నీళ్లు రన్ కావు, పారతాయి. అంటే పాత ఇంగ్లీషు నాటి రెండు అర్థాలకూ, కాళ్లకూ నీళ్లకూ, మన సొంత మాటలనే ఉంచుకున్నాం. తెచ్చుకున్నది యంత్రం, వ్యాపారం, కంప్యూటర్, అంటే చివర చేరిన అర్థాలు మాత్రమే. భాష తనకు అవసరమైన కొసను తుంచుకుంది, చెట్టును పెకలించుకు రాలేదు. తెలుగులో ఇంగ్లీషు మాటలు చేరడాన్ని చూసి బాధపడేవారు ఈ తేడాను పట్టించుకోవాలని నేను నిజంగా కోరుకుంటాను. ఏ అర్థం దగ్గర మన మాట నిలబడింది, ఏ అర్థం దగ్గర తప్పుకుంది అని చూస్తే మన భాష బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. నడుచు, నడుపు ఉండగా రన్ ఎందుకు చొరబడిందన్నది ఒక్కో చోట ఒక్కో జవాబున్న ప్రశ్న. కోడ్ నడిపాను అంటే తప్పేమీ లేదు, కానీ ఆ పని నేర్చిన భాష ఇంగ్లీషు కాబట్టి మాటా దానితోనే వచ్చింది. హోటల్ విషయంలో ఆ అవసరం లేదు. బాగా నడుస్తోంది అనడానికి మన భాషలో ఏ లోటూ లేదు.

తెచ్చుకున్న కొసలో కూడా తెలుగు ఒక పని చేసింది. ఇంగ్లీషులో ప్రోగ్రాం తానుగా నడిచినా, ఒకరు నడిపినా ఒకే రన్. తెలుగులో ఆ మాట ఒంటరిగా క్రియ కాలేదు. పక్కన అవు చేరితే తానుగా నడవడం, చేయు చేరితే నడపడం. సిస్టమ్ రన్ అవుతోంది, సిస్టమ్ రన్ చేస్తున్నారు. పాత ఇంగ్లీషులో ఇర్నన్, ఎర్నన్ అని రెండుగా ఉండి, మధ్యయుగంలో కలిసిపోయి, జాన్సన్‌ను విసిగించి, గిలివర్‌ను తొమ్మిది నెలలు కూర్చోబెట్టిన ఆ కలయికను తెలుగు వ్యాకరణం మళ్లీ విడదీసింది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు రాసేవారు రన్ పద్దును ఈ విభజనతోనే మొదలుపెట్టడం మంచిది. పరుగెత్తు, పారు, కారు, నడుచు, ఆడు, సాగు, పోవు ఒక వరుసలో; పరుగెత్తించు, పారించు, నడుపు, ఆడించు, సాగించు ఇంకో వరుసలో. మొదటి వరుసకు ముక్కు, ఏరు, రోడ్డు, ఒప్పందం ఉదాహరణలుగా వస్తాయి. రెండో వరుసకు గుర్రం, కొళాయి, మర, కొట్టు, కోడ్ వస్తాయి. పోటీ అర్థాలను విడిగా మూడో చోట పెట్టి, అమెరికా పరుగు పక్కనే మన నిలబడును రాయాలి.